ఎస్‌ఎస్‌ఎన్ రాకముందే ఉద్యోగంలో చేరవచ్చా? ప్రభుత్వ సంఖ్య లేనిదే పని ఇవ్వకూడదనడం నిజమేనా?

ప్రశ్న – వెన్నెలవాకిలి

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలు అమెరికాలో మాస్టర్స్ పూర్తి చేసి, ఓపీటీ (చదువు పూర్తయ్యాక విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఒక చిన్న సంస్థలో ఉద్యోగం సంపాదించుకుంది. పని అనుమతి పత్రమైన ఈఏడీ కార్డు చేతికి వచ్చింది, దాని మీద ఉన్న ప్రారంభ తేదీ కూడా దాటిపోయింది. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో ఎప్పుడూ పని చేయలేదు కనుక తనకు సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్‌ఎస్‌ఎన్) లేదు. ఓపీటీ దరఖాస్తులోనే నంబరు కూడా కోరే వీలుందని తెలియక ఆ గడి వదిలేసిందట. ఇప్పుడు విడిగా సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు ఇచ్చి వచ్చింది, నంబరు ఇంకా రాలేదు.

చేరబోయే సంస్థ హెచ్‌ఆర్ వారు మాత్రం, "నంబరు లేకుండా చేర్చుకోవడం చట్టరీత్యా కుదరదు, అది వచ్చాక చెప్పండి, అప్పుడు జాయినింగ్ తేదీ ఇస్తాం" అని ఈమెయిల్ పంపారు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం మీద 90 రోజులే కాబట్టి, ఒక్కో రోజు గడిచేకొద్దీ తనకు గుబులు పెరుగుతోంది.

మా బంధువులను అడిగితే తలో మాట చెబుతున్నారు. బ్రిటన్‌లో ఉన్న మా పిన్ని కొడుకు తాను నంబరు లేకుండానే చేరానని అంటున్నాడు. కెనడాలో ఉన్న మా వదిన అక్కడ మూడు రోజుల్లో నంబరు చూపించకపోతే తప్పంటున్నది. మా నాన్నగారేమో, ఇక్కడ ఆధార్ అడగకుండా వాచ్‌మన్ పనిలో కూడా పెట్టుకోవడం లేదు, అమెరికాలో ఊరుకుంటారా అంటున్నారు. ఇంతకీ ఈ సంఖ్య ఉద్యోగానికి ముందు షరతా, లేక ఉద్యోగంలో చేరాక పూర్తి చేసుకోవలసిన కాగితం పనా? హెచ్‌ఆర్ వారికి మర్యాద తప్పకుండా ఏమని రాయాలో కూడా ఎవరైనా సూచిస్తే మేలు చేసినవారవుతారు.

సమాధానం 1 – జీతాలపట్టీ

నేను అమెరికాలో ఒక మధ్యతరహా సంస్థలో పేరోల్ పని చూస్తాను. మీ చెల్లెలి వంటి పరిస్థితి ప్రతి వేసవిలోనూ మా దగ్గరికి వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు అసలు మాట. మీ చెల్లెలికి పని చేసే హక్కు ఇచ్చింది ఈఏడీ కార్డు, ఎస్‌ఎస్‌ఎన్ కాదు. ఎస్‌ఎస్‌ఎన్ అనేది 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం అమలు కోసం, ఎవరి సంపాదన ఎంతో ఎవరి ఖాతాలో రాయాలో తెలియడానికి, 1936 నవంబరు నుంచి ఇస్తూ వచ్చిన సంఖ్య. చాలాకాలం ఆ కార్డు మీదే "ఇది గుర్తింపు కోసం కాదు" అన్న అర్థం వచ్చే వాక్యం అచ్చు వేసేవారు. పని చేసే అనుమతి ఉందో లేదో యజమాని పరిశీలించాలన్న నియమం దానితో పాటు పుట్టినదేమీ కాదు, అర్ధ శతాబ్దం తరువాత 1986 వలస చట్టంతో వచ్చింది. ఆ పరిశీలన కోసం నింపే ఐ-9 ఫారం పుట్టింది అప్పుడే. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే మీ హెచ్‌ఆర్ వారి వంటి సమాధానాలు వస్తుంటాయి.

ఐ-9 ఫారంలో మొదటి భాగాన్ని ఉద్యోగి పనిలో చేరిన మొదటి రోజుకల్లా నింపాలి. రెండో భాగాన్ని యజమాని అసలు పత్రాలు చూసి, ఆ మొదటి రోజు తరువాత మూడు పనిదినాల లోపు నింపాలి. పత్రాల పట్టికలో ఏ, బీ, సీ అని మూడు వరుసలు ఉంటాయి. ఏ వరుసలోది ఒక్కటి చూపినా చాలు, లేదంటే బీ నుంచి ఒకటి, సీ నుంచి ఒకటి చూపాలి. ఈఏడీ కార్డు ఏ వరుసలో ఉంది కనుక ఆ ఒక్క కార్డుతో మీ చెల్లెలి పని అయిపోయినట్టే. ఏ పత్రం చూపాలో ఎంచుకునేది ఉద్యోగి, యజమాని కాదు. ఇంకో విశేషం గమనించండి: ఓపీటీ మీద ఉన్నవారికి వచ్చే సోషల్ సెక్యూరిటీ కార్డు మీద, స్వదేశ భద్రతా శాఖ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని ముద్రించి ఉంటుంది. అటువంటి కార్డు సీ వరుస పత్రంగా చెల్లదు. అంటే మీ హెచ్‌ఆర్ వారు ఎదురుచూస్తున్న ఆ కార్డు రేపు వచ్చినా, ఐ-9కి అది పనికిరాదు, అప్పుడు కూడా ఈఏడీ కార్డే చూపాలి!

ఐ-9 మొదటి భాగంలో ఎస్‌ఎస్‌ఎన్ గడి ఉన్న మాట నిజమే. సంస్థ ఈ-వెరిఫై (ఉద్యోగి వివరాలను ఆన్‌లైన్‌లో ప్రభుత్వ రికార్డులతో పోల్చి చూసే పద్ధతి) వాడకపోతే ఆ గడి నింపడం ఐచ్ఛికం. వాడితే నంబరు కావాలి, అయినా దానికీ దారి ఉంది. దరఖాస్తు చేసి నంబరు కోసం ఎదురుచూస్తున్న ఉద్యోగి విషయంలో, ఆలస్యానికి కారణం రాసి పెట్టుకొని, నంబరు వచ్చాక కేసు తెరవాలని, ఈలోగా ఉద్యోగిని పని చేయనివ్వాలని ఈ-వెరిఫై సూచనల్లోనే ఉంది.

ఇక పన్ను సంగతి. మూడు నెలలకోసారి యజమాని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు దాఖలు చేసే 941 ఫారంలో మొత్తాలే ఉంటాయి, ఉద్యోగుల నంబర్లు ఉండవు. ఐఆర్‌ఎస్ వైపు నుంచి చూస్తే నంబరు నిజంగా అక్కరకు వచ్చేది మరుసటి ఏడాది జనవరి 31 లోపు దాఖలు చేయవలసిన, ఏడాది జీతం, పన్ను కోతలు చూపే డబ్ల్యూ-2 ఫారం దగ్గర. అప్పటికీ రాకపోతే, కాగితం మీద దాఖలు చేసేవారు నంబరు స్థానంలో "దరఖాస్తు చేశారు" అని రాయాలి, ఎలక్ట్రానిక్ పద్ధతిలో అయితే తొమ్మిది సున్నాలు వేయాలి, నంబరు వచ్చాక డబ్ల్యూ-2సీ ద్వారా సవరించాలి. నంబరు రాని ఉద్యోగి కోసం ప్రభుత్వమే ఇంత ఏర్పాటు చేసి పెట్టిందంటే, అటువంటి ఉద్యోగి ఉండడం చట్టవిరుద్ధమని ఎలా అనగలం?

ఒక హెచ్చరిక. ఎవరైనా "ఈలోగా ఐటిన్ తీసుకొని అది ఇవ్వండి" అంటే వినవద్దు. తొమ్మిదితో మొదలయ్యే ఆ సంఖ్య పన్ను రిటర్ను వేయడానికే తప్ప పని చేయడానికి కాదు, ఉద్యోగి విషయంలో దాన్ని ఎస్‌ఎస్‌ఎన్‌కు బదులుగా తీసుకోవద్దని ఐఆర్‌ఎస్ యజమానులకు స్పష్టంగా చెబుతుంది.

సమాధానం 2 – మంచుదేశం

వెన్నెలవాకిలి గారూ, మీ బంధువులు చెప్పిన రెండు మాటలూ నిజమే, వారి వారి దేశాల మటుకు. నేను కెనడాలో ఉంటున్నాను, అంతకుముందు కొన్నేళ్లు ఇంగ్లండులో పని చేశాను.

బ్రిటన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు లేకుండానే పని మొదలుపెట్టవచ్చని ప్రభుత్వ వెబ్‌సైటే చెబుతుంది. అక్కడ యజమాని భయమంతా వేరే చోట ఉంది. పని చేసే హక్కు ఉందో లేదో ఉద్యోగంలో చేరకముందే పరిశీలించాలి, వీసా వివరాలు ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నవారైతే షేర్ కోడ్ ఇస్తారు, యజమాని దానితో ఆన్‌లైన్‌లో చూసుకుంటాడు. ఆ పరిశీలన చేయకుండా హక్కు లేని మనిషిని పనిలో పెట్టుకొని దొరికిపోతే, 2024 ఫిబ్రవరి నుంచి మొదటిసారికే ఒక్కొక్కరికి 45,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. అందుకే అక్కడి హెచ్‌ఆర్ వారు షేర్ కోడ్ కోసం వెంటపడతారు, నంబరు మాత్రం వచ్చినప్పుడు ఇవ్వండి అంటారు. నా మొదటి పేస్లిప్‌లో ఆ గడి ఖాళీగానే ఉండేది.

కెనడాలో పట్టుదల ఎక్కువే. సోషల్ ఇన్సూరెన్స్ నంబరును ఉద్యోగం మొదలైన రోజు తరువాత మూడు రోజుల లోపు యజమానికి ఇవ్వాలి. ఇక్కడ కూడా గడువు లెక్క పనిలో చేరిన తరువాతే మొదలవుతుందని మీ వదిన గారికి గుర్తు చేయండి. నంబరు లేనివారు అదే గడువులో దరఖాస్తు చేసుకోవాలి. తాత్కాలికంగా వచ్చినవారికి ఇచ్చే నంబరు తొమ్మిదితో మొదలవుతుంది, దానికి గడువు తేదీ ఉంటుంది, వర్క్ పర్మిట్ పొడిగించుకున్నప్పుడల్లా ఆ తేదీనీ మార్పించుకోవాలి. చాలామంది మరచిపోయేది ఇదే.

ఆస్ట్రేలియా పద్ధతి నాకు మరీ నచ్చుతుంది. అక్కడ టాక్స్ ఫైల్ నంబరు ఇవ్వడం తప్పనిసరి కాదు, కానీ పనిలో చేరిన 28 రోజుల్లో ఇవ్వకపోతే జీతంలోంచి అత్యధిక రేటుకు పన్ను పట్టుకుంటారు. ఉద్యోగం ఆగదు, చేతికొచ్చే జీతం తగ్గుతుంది. ఇక నంబరు తెచ్చుకోమని ఎవరూ వెంటపడనక్కర లేదు.

సమాధానం 3 – వకాల్తా

నాన్నగారి మాటను ఎవరూ పట్టించుకోలేదు గానీ, అది కొట్టిపారేయదగినది కాదు. మన దేశంలో ఆచరణ ఆయన చెప్పినట్టే ఉంది, చట్టం మాత్రం అలా లేదు.

ఆధార్ కేసులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు, ప్రభుత్వ సబ్సిడీలకు, పాన్ అనుసంధానానికి ఆధార్‌ను నిలబెట్టింది. ప్రైవేటు సంస్థలు కాంట్రాక్టు పేరుతో ఆధార్ ధ్రువీకరణ కోరడానికి వీలిచ్చిన 57వ సెక్షన్ భాగాన్ని మాత్రం కొట్టివేసింది. ఆ తరువాత 2019లో వచ్చిన సవరణలు స్వచ్ఛందంగా ఇచ్చే దారిని తెరిచాయి. కాబట్టి ఒక ప్రైవేటు యజమాని గుర్తింపు కోసం ఏదైనా పత్రం చూపమనవచ్చు, పాస్‌పోర్టో ఓటరు కార్డో చూపిన మనిషిని ఆధార్ లేదన్న ఒక్క కారణంతో వెనక్కి పంపమని ఏ చట్టమూ ఆయనకు చెప్పడం లేదు.

చిక్కంతా చేరిన తరువాత వస్తుంది. జీతం పన్ను పరిధిలోకి వచ్చేదై, ఉద్యోగి పాన్ ఇవ్వకపోతే, 20 శాతం లేదా వర్తించే సగటు రేటు, ఏది ఎక్కువైతే దాని ప్రకారం టీడీఎస్ కోయాలి. ఆస్ట్రేలియా గురించి పైన చెప్పినటువంటి పద్ధతే ఇది. ప్రావిడెంట్ ఫండ్ విషయం ఇంకా గట్టిది. పీఎఫ్ వర్తించే సంస్థలో చేరినవారికి యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యుల సంఖ్య) ఉండాలి, 2021 నుంచి ఆ యూఏఎన్‌కు ఆధార్ జతపడి ఉంటేనే యజమాని నెలవారీ చలానులో ఆ ఉద్యోగి చందా కట్టగలడు. ఆధార్ లేని మనిషిని తీసుకుంటే చందా కట్టలేక, కట్టనందుకు మళ్లీ తానే జవాబు చెప్పుకోవలసి వస్తుందని యజమాని ముందే జాగ్రత్త పడతాడు. అలా ఖాతా కోసం పెట్టిన నియమం గేటు దాకా వచ్చి కూర్చుంది.

ఇందులో నలిగిపోయేది ఆధార్ లేనివారు కాదు, వారు ఇప్పుడు బహు కొద్దిమంది. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా ఉన్నవారే నలిగిపోతున్నారు. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లతో ఈ బాధ మరీ ఎక్కువ. ఒకచోట ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే, ఇంకోచోట పూర్తిగా, వేరేచోట పేరు చివర, పెళ్లయిన స్త్రీకైతే పుట్టింటిది ఒక కాగితంలో, అత్తింటిది మరో కాగితంలో. కంప్యూటరుకు ఇవన్నీ వేర్వేరు మనుషులు. నా దగ్గరికి వచ్చిన ఒక భవన నిర్మాణ సంస్థ ఉద్యోగినికి, పేరులో ఒక్క అక్షరం తేడా వల్ల నెలల తరబడి పీఎఫ్ జమ కాలేదు; ఆమె జీతంలోంచి మాత్రం ఆ మేరకు కోత పడుతూనే ఉంది. పుట్టిన తేదీకి రుజువుగా ఆధార్‌ను అంగీకరించే పద్ధతిని పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్‌ఓ 2024లో ఆపేసింది కనుక, తేదీ తేడా ఉన్నవారు అప్పట్లో సర్టిఫికెట్ చేతపట్టుకొని తిరగవలసి వచ్చింది.

అసంఘటిత రంగంలో 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ కార్డు మీద కూడా పన్నెండంకెల యూఏఎన్ ఉంటుంది. పేరు ఒకటే అయినా అది పీఎఫ్ యూఏఎన్ కాదు, అది లేకపోతే పని ఇవ్వకూడదనీ ఎక్కడా లేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను. చేసిన పనికి కూలి ఇవ్వడానికి ఏ సంఖ్యా అడ్డు కాదు. "నీ నంబరు సిస్టమ్‌లో ఎక్కలేదు, ఎక్కాక జీతం వేస్తాం" అని కాంట్రాక్టర్లు అంటుంటారు. అది సాకు. కనీస వేతనం, సకాలంలో చెల్లింపు అన్నవి పని చేసిన మనిషికి దక్కే హక్కులు.

సమాధానం 4 – రెండోపక్క

జీతాలపట్టీ గారు చెప్పినదానిలో తప్పు లేదు గానీ, చిన్న సంస్థ నడిపేవారి ఇబ్బందిని కూడా చూడాలని మనవి. మాది పదిమంది లోపు ఉన్న సంస్థ, హెచ్‌ఆర్ అన్నా నేనే, పేరోల్ అన్నా నేనే. మేము వాడే పేరోల్ సాఫ్ట్‌వేర్ ఎస్‌ఎస్‌ఎన్ గడి ఖాళీగా ఉంటే తరువాతి పేజీకి వెళ్లనివ్వదు. కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగి వివరాలను 20 రోజుల లోపు రాష్ట్రానికి పంపాలి, అందులోనూ నంబరు అడుగుతారు. రాష్ట్రానికి మూడు నెలలకోసారి పంపే జీతాల వివరాల్లోనూ అడుగుతారు. వీటన్నిటికీ విడివిడిగా ఫోన్లు చేసి కనుక్కునే బదులు, నంబరు వచ్చాకే రమ్మనడం తేలిక అనిపిస్తుంది. అందరినీ ఒకేలా నంబరు అడిగితే అది వివక్ష ఎలా అవుతుంది?

సమాధానం 5 – జీతాలపట్టీ

రెండోపక్క గారూ, మీ ఇబ్బంది నిజమైనదే, 20 రోజుల సంగతి నేను ముందే రాయవలసింది. అయితే అందరినీ నంబరు అడగడం ఒకటి, లేనివారికి చట్టం ఒప్పుకోదని చెప్పడం మరొకటి. మొదటిది మీ సంస్థ పద్ధతి. రెండోది నిజం కాని మాట. మీకు సౌకర్యంగా లేదు కాబట్టి ఆగమంటున్నామని చెబితే ఆ అమ్మాయి మరో ఉద్యోగం చూసుకోవాలో, మీతో మాట్లాడి ఒప్పించాలో తేల్చుకుంటుంది. చట్టం పేరు చెబితే నోరు మూసుకొని రోజులు లెక్కపెట్టుకుంటుంది. అనుమతి పత్రాల విషయంలో అన్యాయం జరిగిందనుకునేవారు న్యాయశాఖలోని వలసదారుల, ఉద్యోగుల హక్కుల విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు, యజమానులు కూడా సందేహాలకు అక్కడికి ఫోన్ చేయవచ్చు. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, చాలా పేరోల్ ప్యాకేజీల్లో "దరఖాస్తు చేశారు" అన్న ఎంపిక ఎక్కడో ఒక మూల ఉంటుంది, సపోర్టు వారిని అడిగితే చూపిస్తారు. అది కూడా లేకపోతే ఒకటి రెండు నెలలు ఆ ఒక్కరికి జీతం లెక్క చేత్తో కట్టవచ్చు. మన పెద్దలు అలాగే కట్టేవారు. రాష్ట్రానికి పంపే వివరాల్లో నంబరు లేనప్పుడు ఏం చేయాలన్నది మాత్రం ఆయా రాష్ట్ర సంస్థనే అడిగి చేయాలి, అక్కడ అందరికీ ఒకే సమాధానం ఉండదు.

వెన్నెలవాకిలి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. వకాల్తా గారు చెప్పిన పేర్ల గొడవ చదివి నాన్నగారు తన పీఎఫ్ పాస్‌బుక్ తీసి చూసుకుంటున్నారు. చెల్లెలు హెచ్‌ఆర్ వారికి రాయబోతోంది. రెండు సందేహాలు మిగిలాయి. దరఖాస్తు చేసినట్టు రుజువు ఏదైనా జతచేయాలా? నంబరు వచ్చాక కార్డు ఫొటో ఈమెయిల్‌లో పంపమన్నారు, పంపవచ్చా?

సమాధానం 6 – జీతాలపట్టీ

దరఖాస్తు అందినట్టు కాగితం ఇవ్వమని సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో అడిగితే ఇస్తారు, అది జతచేయమనండి. ఉత్తరం పొడుగ్గా అక్కరలేదు. "నా ఈఏడీ కార్డు ఐ-9కి ఏ వరుస పత్రంగా చూపగలను, ఎస్‌ఎస్‌ఎన్ దరఖాస్తు ఫలానా తేదీన ఇచ్చాను, రాగానే తెలియజేస్తాను, ఈలోగా చేరడానికి సంస్థ పరంగా అభ్యంతరం ఏదైనా ఉంటే దయచేసి అది ఏ నియమం ప్రకారమో తెలపండి" అని రాస్తే చాలు. చివరి వాక్యం మర్యాదగానే ఉంటుంది, చదివినవారు మాత్రం తమ న్యాయవాదిని ఒకసారి అడిగి తీరతారు. సంస్థ అలా తిప్పుతూనే ఉంటే, విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి అయిన డీఎస్‌ఓకు వెంటనే చెప్పమనండి, ఎందుకంటే 90 రోజుల లెక్క హెచ్‌ఆర్ వారి ఆలస్యం కోసం ఆగదు.

కార్డు ఫొటో ఈమెయిల్‌లో పంపవద్దు. యజమానికి కావలసినది నంబరు, కార్డు మీద ఉన్న పేరు, అంతే. ఫోన్‌లో స్వయంగా మాట్లాడి చెప్పవచ్చు, లేదా సంస్థ పేరోల్ పోర్టల్‌లో తానే ఎక్కించవచ్చు. ఆఫర్ లెటర్ కూడా ఇవ్వకముందే దరఖాస్తు ఫారంలోనే ఎస్‌ఎస్‌ఎన్ అడిగే ప్రకటనలు కనిపిస్తుంటాయి, వాటిలో మోసాలు చాలా ఉన్నాయి, అక్కడ గడి ఖాళీగా వదిలేయడమే మంచిది.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారికి అమెరికాలో మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు, పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు పడవు. ఓపీటీ కాలానికీ అదే వర్తిస్తుంది. అలవాటు లేని చిన్న సంస్థలు ఆ 7.65 శాతాన్ని అందరితో పాటు కోసేస్తుంటాయి. మొదటి పేస్లిప్ రాగానే ఆ రెండు వరుసలూ చూసుకోమనండి, కోత కనిపిస్తే ముందుగా సంస్థనే వాపసు అడగాలి, వారు ఇవ్వకపోతే ఐఆర్‌ఎస్‌కు 843 ఫారం పెట్టుకోవాలి.